మా చర్చి సేవా విభాగం ఎలా ఉందంటే: సాయం కోసం వెళ్ళేవాళ్ళకీ, చెయ్యి వేద్దామనుకునేవాళ్ళకీ

సికింద్రాబాద్‌లో మా చర్చి గురించి ఆన్‌లైన్‌లో వెతికితే పూజ వేళలు, పార్కింగ్ ఎలా ఉంటుంది, పెళ్ళికి హాలు ఇస్తారా లేదా, ఇవే కనిపిస్తాయి. అదే చర్చి వెనక హాల్లో ఆదివారం రెండో పూజ అయ్యాక నడిచే సేవా విభాగం గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఈ చుట్టుపక్కల బస్తీల్లో ఉండేవాళ్ళకి ఆ ఆవరణలో అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం అదే. అందుకే రాస్తున్నా. చర్చి పేరు రాయడం లేదు, ఎందుకంటే మెచ్చుకోవాల్సినవాటితో పాటు గట్టిగా అడగాల్సినవి కూడా ఉన్నాయి, పైగా అవి మా ఒక్క విచారణకే పరిమితం అనుకోను. క్యాథలిక్కులు ఒక చర్చి పరిధిలోని ఇళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటారు, ఆ చర్చి ఫాదర్‌ని విచారణ గురువు అంటారు. మీ ఊళ్ళో అలాంటి చర్చి ఉంటే ఇలాంటి సేవలు ఏదో ఒక రూపంలో ఉండే అవకాశం ఎక్కువ, వెళ్ళి అడగండి.

ముందే చెప్తున్నా, క్రైస్తవులు కాకపోయినా వెళ్ళొచ్చు. సాయం కోసం వెళ్తే మతం అడగరు, పూజకి వచ్చావా అని అడగరు, ప్రార్థన చేస్తేనే సాయం అన్న మాటే లేదు. వచ్చేవాళ్ళలో బురఖా వేసుకున్న అక్కలు ఉంటారు, బోనాలకి బోనం ఎత్తే అక్కలు ఉంటారు. ఇది నేను చాలాకాలంగా చూస్తున్న విషయం కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

మొదట సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ. దీనికి ఐదుకి ఐదు. 1833లో పారిస్‌లో ఫ్రెడెరిక్ ఓజనామ్ అనే ఇరవై ఏళ్ళ కాలేజీ కుర్రాడు, కొందరు స్నేహితులు కలిసి మొదలుపెట్టిన సంస్థ ఇది. మీ చర్చి ఒకప్పుడు గొప్ప పనులు చేసిందంటున్నారు సరే, ఇవాళ ఈ ఊళ్ళో పేదలకి మీరేం చేస్తున్నారు అని తోటి విద్యార్థులు నిలదీస్తే, వాళ్ళు వాదన పక్కన పెట్టి పేదల ఇళ్ళ దారి పట్టారు. ఏ ఇంటికి వెళ్ళాలో, అక్కడ ఎలా మెలగాలో వాళ్ళకి నేర్పింది రొజాలీ రాండూ అనే సిస్టర్. ఇన్నేళ్ళ తర్వాత సికింద్రాబాద్‌లో కూడా పద్ధతి అదే. వారం వారం మీటింగ్ పెట్టుకుంటారు. ఇద్దరిద్దరుగా ఇళ్ళకి వెళ్తారు, ఒంటరిగా వెళ్ళరు. ఇంటికి వెళ్ళి కూర్చుని మాట్లాడకుండా ఏ సాయం గురించీ నిర్ణయం తీసుకోరు. మీటింగ్‌లో ఒక సంచి తిప్పుతారు, ఎవరు ఎంత వేశారో పక్కవాళ్ళకి తెలియదు, వంద వేసినవాడూ రెండు వేలు వేసినవాడూ ఒకేలా చెయ్యి పెట్టి తీస్తారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఎక్కువ ఇచ్చినవాడి మాట ఎక్కువ చెల్లే అవకాశం అక్కడే పోతుంది.

వాళ్ళ పని తీరు చెప్పాలంటే మా వీధి చివర ఇస్త్రీ బండి సంగతి చెప్పాలి. ఆ బండి ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. విచారణకి సంబంధించినవాళ్ళు కాదు, ఎవరో చెప్తే ఇద్దరు సభ్యులు వెళ్ళారు. మామూలుగా అయితే ఒక బియ్యం బస్తా దించి వచ్చేవాళ్ళు. వీళ్ళు కూర్చుని ఆయన భార్యని నీకేం కావాలమ్మా అని అడిగారు. బండి నేనే నడుపుకుంటాను, కాకపోతే బొగ్గుల ఇస్త్రీ పెట్టె బరువు నాతో కావడం లేదు అంది ఆమె. గ్యాస్‌తో నడిచే ఇస్త్రీ పెట్టె కొనిచ్చారు, మొదటి సిలిండర్ పెట్టించారు, ఆ తర్వాత కొన్ని నెలలు వెళ్ళి ఎలా ఉందో చూసుకుంటూ వచ్చారు. ఇప్పుడు మా వీధి బట్టలన్నీ ఆమే చేస్తుంది. అడిగారు కాబట్టే ఆమెకి ఏం కావాలో తెలిసింది, ఇంటికి వెళ్ళారు కాబట్టే అడగగలిగారు. నెలనెలా ఇచ్చే సరుకుల విషయంలో కూడా అంతే, 2025 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇవ్వడం మొదలయ్యాక వీళ్ళు ఇళ్ళల్లో కనుక్కుని, బియ్యం తగ్గించి ఆ డబ్బుతో కందిపప్పు, నూనె, ముసలివాళ్ళకి బీపీ షుగర్ మాత్రలు పెంచారు. పాత లిస్టు పట్టుకుని కళ్ళు మూసుకుని పంచుకుంటూ పోయే సంస్థలు ఎన్ని చూడలేదు మనం.

దీనికి పూర్తి విరుద్ధంగా ఉంటుంది క్రిస్మస్ ముందు విచారణ కమిటీ పెట్టే దుప్పట్ల పంపిణీ. స్టేజీ, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి, మైకులో పేర్లు చదవడం. ఒక్కొక్కరినీ పైకి పిలిచి, దుప్పటికి ఒక చివర ఇచ్చేవాళ్ళు, ఇంకో చివర తీసుకునేవాళ్ళు పట్టుకుని కెమెరా వైపు చూడాలి. ఆ సాయంత్రానికి ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులో. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ తన పేరు పిలిచినా లేవలేదు, కొడుకు పనిచేసే చోట ఎవరైనా చూస్తే వాడికి నామోషీ అంది, చలిలో దుప్పటి లేకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాత విన్సెంట్ సభ్యులు వెళ్ళి ఇంట్లో ఇచ్చి వచ్చారు. ఒకే చర్చిలో రెండు రకాల మర్యాద ఏమిటి? దుప్పటి ఇవ్వాలంటే ఇంటికి వెళ్ళి ఇవ్వండి, కుదరకపోతే హాల్లో పెట్టండి, కావాల్సినవాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. ఈ మాట కమిటీతో చెప్పాను, దాతలకి చూపించాలి కదా అన్నారు. బిల్లు చూపిస్తే చాలదా? మనిషి మొహం ఎందుకు చూపించాలి?

మారలేదా అంటే కొంత మారింది కూడా. నవంబర్‌లో పేదల దినోత్సవం అని ఒక ఆదివారం ఉంటుంది, పోప్ ఫ్రాన్సిస్ 2017లో మొదలుపెట్టింది. మా దగ్గర మొదట్లో ఆ రోజు బస్తీ వాళ్ళకి హాల్లో భోజనం పెట్టి, విచారణ పెద్దలు ఇంటికెళ్ళి తినేవాళ్ళు. ఇప్పుడున్న ఫాదర్ గారు వచ్చాక అందరూ ఒకే బంతిలో కూర్చోవాలన్నారు, ఆయన కూడా అక్కడే కూర్చుంటారు. మొదటిసారి కొందరు పెద్దవాళ్ళు ఇబ్బందిగా కదిలారు, కొందరు రాలేదు. తర్వాత అలవాటైంది. ఆ బంతిలోనే ఒక డాక్టరమ్మకి పక్కన కూర్చున్న రోడ్లు ఊడ్చే అక్క దగ్గు మీద అనుమానం వచ్చి పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది, ప్రభుత్వ మందులతో నయమైంది.

ఇక అసలు సంగతి, కాగితాల బల్ల. నేను ఈ రివ్యూ రాయడానికి ముఖ్య కారణం ఇదే. ఒక సిస్టర్, ఒక రిటైర్డ్ తాసీల్దారు ఆఫీసు ఉద్యోగి, ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లలు కూర్చుంటారు. ఏ ఫారం కావాలన్నా నింపిపెడతారు, ఏ ఆఫీసుకి ఏ రోజు వెళ్ళాలో చెప్తారు, అవసరమైతే వెంట వస్తారు. పైసా తీసుకోరు. బయట ఇదే పనికి బ్రోకర్లు ఎంత గుంజుతారో అందరికీ తెలుసు. వితంతు పింఛను 2016 రూపాయలు, ఆ రెండు వేల కోసం ఒక మనిషి ఎన్ని ఆఫీసులు తిరగాలో దగ్గర నుంచి చూస్తే తప్ప అర్థం కాదు. భర్త మరణ ధ్రువపత్రంలో పేరు ఒకలా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పుట్టిన తేదీ తెలియక ఆధార్ తీసినప్పుడు ఎవరో అందరికీ జనవరి 1 అని వేసేస్తారు, వయసు పదేళ్ళు తగ్గిపోతుంది, వృద్ధాప్య పింఛను పదేళ్ళు వెనక్కిపోతుంది. బల్ల దగ్గర కూర్చునేవాళ్ళకి ఈ చిక్కుముళ్ళన్నీ కొట్టిన పిండి. 2025లో కొత్త రేషన్ కార్డులు ఇవ్వడం మొదలైనప్పుడు లైను గేటు దాకా వచ్చింది, సిస్టర్ మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు.

ఆసుపత్రి కేసుల్లో వీళ్ళ విలువ ఇంకా తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు, అది చాలామందికి వినికిడి మాత్రమే. ముందు డబ్బు కట్టండి, తర్వాత చూద్దాం అని ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్‌లో చెప్తే మనవాళ్ళు బంగారం తాకట్టు పెట్టేస్తారు. మా పనమ్మాయి వాళ్ళ నాన్నకి గుండె ఆపరేషన్ అన్నప్పుడు అదే జరగబోయింది. బల్ల దగ్గర కుర్రాడు వెళ్ళి, ఆరోగ్యశ్రీ రోగులకి సాయం చేయడానికి ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని పట్టుకుని, కార్డు చూపించి, ఏ కాగితం ఎందుకు కావాలో అడిగి రాయించుకున్నాడు. గొంతు పెంచలేదు, గొడవ పెట్టలేదు, పక్కన నిలబడ్డాడంతే. చదువుకున్న మనిషి ఒకడు పక్కన నిలబడితే కౌంటర్‌లో మాట ఎంత మారిపోతుందో చూసి నాకు సంతోషం కన్నా బాధ ఎక్కువ వేసింది.

ఇంకో మంచి పని, ఉచిత న్యాయసాయం గురించి చెప్పడం. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా లాయరుని ప్రభుత్వమే పెడుతుంది, 1987 నాటి చట్టం అది. 15100 నంబరుకి ఫోన్ చేయొచ్చు, లేదా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకి తెల్లకాగితం మీద రాసివ్వొచ్చు. బల్ల వాళ్ళు ఆ నంబరుని హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. భర్త కొట్టి బయటికి నెట్టేసిన ఒకామె గోడ మీద చూసి ఫోన్ చేసి, తర్వాత వచ్చి చెప్పింది. ఆ గోడకి వేసిన రంగు డబ్బుల విలువ తీరిపోయింది.

ఇప్పుడు కష్టమైన భాగం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గ్రూపు. భారతదేశంలో ఇంటిపనివాళ్ళని కూడగట్టినవాళ్ళలో ఒకరు జీన్ దెవోస్ అనే బెల్జియం సిస్టర్, 1985లో జాతీయ ఇంటిపనివారల ఉద్యమం ఆవిడే స్థాపించారు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వీళ్ళ కోసం 189వ ఒప్పందం తెచ్చింది, మన దేశం అనుకూలంగా ఓటు వేసింది కానీ ఇంతవరకూ ఆమోదించలేదు. వీళ్ళ కోసం ప్రత్యేకంగా దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాని గురించి ఆలోచించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఉన్నవాటిలో పనికొచ్చేది 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం, అది ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళకి కూడా వర్తిస్తుంది, జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మా సిస్టర్ ఈ విషయాలన్నీ నెలకోసారి బస్తీలో కూర్చోబెట్టి చెప్తారు, అసంఘటిత కార్మికులకి కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డులు కూడా అక్కడే చేయించారు. అంతవరకు చాలా బాగుంది.

చిక్కెక్కడంటే, వీళ్ళు పనిచేసే ఇళ్ళు చాలావరకు మన విచారణ వాళ్ళవే. అదే పూజలో ముందు వరుసలో కూర్చునేవాళ్ళవి. ఒకామెకి రెండు నెలల జీతం ఆపేసి, గ్లాసు పగలగొట్టావని కోత వేసి, చివరికి రావొద్దన్న ఇల్లు విచారణకి ఉదారంగా కానుకలిచ్చే ఇల్లే. సిస్టర్ వెళ్ళి మాట్లాడారు, సగం డబ్బు ఇప్పించారు, మిగతాది ఇక వదిలేయమని కమిటీలో పెద్దలే చెప్పారు. నాకు ఇది అస్సలు మింగుడు పడలేదు. బస్తీలో కూలీ హక్కుల గురించి మీటింగ్ పెట్టి, మన వాళ్ళ ఇంట్లో కూలీ ఎగ్గొడితే సర్దుకుపోమనడం ఏం న్యాయం? పనివాళ్ళకి న్యాయమైన జీతం గురించి 1891లోనే పోప్ పదమూడో లియో ప్రపంచమంతటికీ లేఖ రాశారు. నూట ముప్పై ఏళ్ళు దాటింది. మా విచారణలో ఇంకా పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళున్నాయి, కూర్చోమని కుర్చీ చూపించని ఇళ్ళున్నాయి.

ఒక ఆదివారం ప్రసంగంలో ఫాదర్ గారు ఈ మాట ఎత్తారు. ఎవరి పేరూ చెప్పలేదు. వారానికి ఒక రోజు సెలవు, ఐదో తారీఖు లోపు జీతం, జబ్బు చేస్తే కోత లేకపోవడం, తాగడానికి మనం తాగే గ్లాసే, ఈ నాలుగూ పాటించాలని అడిగారు. చర్చిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు. పూజ అయ్యాక బయట కొందరు, ఫాదర్ గారు దేవుడి మాట చెప్పాలి గానీ మా ఇంటి విషయాలు ఎందుకు అన్నారు. కానీ ఆ నెల నుంచి మా అపార్ట్‌మెంట్‌లో రెండు ఇళ్ళల్లో ఆదివారం సెలవు మొదలైంది, ఇది పనివాళ్ళే చెప్పిన మాట. నిజంగా ఫలితం వచ్చింది అంటే అదిగో అక్కడ వచ్చింది, ఏ పంపిణీలోనూ కాదు. అందుకే ఏడాదికి ఒక్కసారి కాకుండా మళ్ళీ మళ్ళీ చెప్పాలని నా కోరిక.

దళిత క్రైస్తవుల సంగతి కూడా ఇలాగే ఉంది. ప్రతి ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంటాం. 1950లో అదే తేదీన వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, క్రైస్తవులకి, ముస్లింలకి ఇంకా లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ కుటుంబాలు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నాయి. బల్ల దగ్గర సర్టిఫికెట్ కోసం వచ్చే పిల్లల మొహాలు చూస్తే ఈ ఉత్తర్వు ఎంత బరువైనదో తెలుస్తుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి హోదా) అయినప్పుడు, మొట్టమొదటి దళిత కార్డినల్, మొట్టమొదటి తెలుగు కార్డినల్ అని మా చర్చిలో టపాకాయలు కాల్చారు, మా ఇంట్లో కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. అంత గర్వపడిన విచారణలో, కమిటీ పదవుల్లో, పెళ్ళి సంబంధాల్లో కులం ఎంత పనిచేస్తుందో మాట్లాడదాం అంటే మాత్రం ఇప్పుడెందుకులే అంటారు. ప్రభుత్వాన్ని అడగడంలో మా విచారణ ముందుంటుంది, తనని తాను అడగడంలో వెనకబడి ఉంది. బ్యాడ్జీ పెట్టుకునే రోజునే హాల్లో ఒక గంట మనవాళ్ళ మాట వినండి, ఎవరికి ఎక్కడ అవమానం జరిగిందో చెప్పనివ్వండి.

మిగతా లోట్లు త్వరగా చెప్పేస్తాను. బల్ల ఆదివారం మాత్రమే ఉంటుంది, ఆదివారమే ఎక్కువ ఇళ్ళల్లో పని ఉంటుంది కాబట్టి సాయం బాగా కావాల్సినవాళ్ళే రాలేరు, వారంలో ఒక సాయంత్రం కూడా పెట్టాలి. లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టరు, ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో క్యాథలిక్ సేవా సంస్థ కారితాస్ కోసం వసూలు చేసింది ఎంతో, మా సొంత విభాగానికి వచ్చింది ఎంతో అడిగితే చెప్తారు గానీ అడక్కుండానే అంటించాలి. పని చేసేది మూడొంతులు ఆడవాళ్ళు, కమిటీలో కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళు. అన్నిటికన్నా నాకు టెన్షన్ ఏమిటంటే ఈ కాగితాల బల్ల అంతా ఒక్క సిస్టర్ మీద నిలబడి ఉంది. సిస్టర్లకి, ఫాదర్లకి కొన్నేళ్ళకోసారి బదిలీ ఉంటుంది. ఇదివరకు ఒక ఫాదర్ గారు మొదలుపెట్టిన సాయంత్రం ట్యూషన్లు ఆయన వెళ్ళిన ఏడాదిలోపే ఆగిపోయాయి, ఆ పిల్లలు ఎక్కడికి పోయారో అడిగినవాళ్ళు లేరు. ఏ ఆఫీసులో ఎవరిని కలవాలి, ఏ కేసు ఎక్కడ ఆగింది అన్నది ఒక రిజిస్టర్‌లో రాసి కుర్రాళ్ళకి అప్పగించాలి, ఆలస్యం చేయకుండా.

మొత్తం మీద నా లెక్క: విన్సెంట్ సొసైటీకి ఐదు, కాగితాల బల్లకి నాలుగున్నర, ఇంటిపనివాళ్ళ గ్రూపుకి మూడు, దుప్పట్ల పంపిణీకి ఒకటి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: రెండో పూజ పదిన్నరకి అయిపోతుంది, పదకొండు నుంచి ఒంటి గంట దాకా బల్ల ఉంటుంది. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు రెండేసి సెట్లు, ఫోన్ నంబరు ఆధార్‌కి లింక్ అయి ఉందో లేదో చూసుకుని రండి, ఓటీపీ రాక సగం మంది వెనక్కి వెళ్తున్నారు. పింఛను కోసమైతే మరణ ధ్రువపత్రం ఒరిజినల్ తెచ్చుకోండి, ఎవరికీ వదిలేసి వెళ్ళొద్దు. సాయం చేద్దామనుకునేవాళ్ళు డబ్బు పంపే ముందు ఒక్క శనివారం విన్సెంట్ సభ్యులతో ఇళ్ళకి వెళ్ళి రండి, వాళ్ళు కొత్తవాళ్ళని సంతోషంగా తీసుకెళ్తారు, సాయంత్రం ఐదింటికి చర్చి గేటు దగ్గర ఉంటారు. కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయగలిగిన కుర్రాళ్ళు ఇద్దరు వెంటనే కావాలి, సిస్టర్ పోయిన ఆదివారం కూడా అడిగారు.